రంపపు ఇంజనుకు రెక్కలు

2011 డిసెంబరు 30వ తేదీ వేకువను థానే తుపాను పుదుచ్చేరికిని కడలూరుకును నడుమ తీరము దాటి, ఏండ్ల తరబడి నీడనిచ్చిన మహావృక్షములను వీధుల కడ్డముగా కూల్చినప్పుడు, మాకు దారులు తెరచినవి మోటారు రంపములే. అట్టి రంపము పాతబడి ఇనుప సామానుల దుకాణమున తూకమునకు పోవు దశలో, దాని ఇంజనును విడదీసి నమూనా విమానపు ముక్కునకు బిగించి ఎగురవేయు విద్య యొకటి కలదు. అది నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. రంపమునకును విమానమునకును గల ఈ బాంధవ్యము కొత్తది కాదు: అమెరికాలో మెకల్లక్ సంస్థ ఒకవంక రంపములను, మరొకవంక సైన్యము గురిచూచి కాల్చుట నేర్చుకొనుటకు వాడు మానవరహిత విమానములకు ఇంజనులను తయారుచేసినది.

కొమ్మలు నరకువాడు రంపమును పక్కకు వంచును, తలక్రిందులుగా పట్టును. అయినను అది ఆగదు. స్కూటరు కార్బురేటరులో వలె తేలెడు బెండుపై ఆధారపడక, క్రాంకుకేసులో క్షణక్షణమును హెచ్చి తగ్గు పీడనము ఒక పలుచని పొరను కదల్చి పెట్రోలును తోడుటయే అందులకు కారణము. ఆకాశమున పల్టీ కొట్టు విమానమునకు కావలసిన గుణమును ఇదియే. పాత రంపములో ఆ పొర బిరుసెక్కి యుండును. వ్రేలితో నొక్కినప్పుడు మెత్తగా లొంగనిచో, తక్కిన పనికి పూనుకొనక ముందే దానిని మార్చవలెను.

బారు, గొలుసు, క్లచ్చి, గొలుసుకు నూనె పోయు పంపు, పిడులు తీసివేయుట సులభము. చిక్కంతయు ఫ్లైవీలు కడనే. దాని అయస్కాంతము నిప్పురవ్వ పుట్టించును, దాని రెక్కలు సిలిండరును చల్లార్చును; బరువు తగ్గింపవలెనను ఆత్రముతో లేతుపై ఆ రెక్కలను కోసివేసినవారు, ప్రొపెల్లరు గాలి సిలిండరును ఒరసికొని పోవునట్లు త్రోవ చేయనిచో, ఇంజను వేడెక్కి పట్టివేయును. నా మట్టుకు, మొదటి ఇంజనుపై ఫ్లైవీలును ముట్టుకొనకుండుటయే మేలు. ప్రొపెల్లరును పట్టు హబ్బును షాఫ్టుపై బిగించిన పిమ్మట డయలు గేజిని ఆనించి చేతితో నెమ్మదిగా త్రిప్పవలెను; సూది ఊగినచో హబ్బును విప్పి, షాఫ్టు వాలునకు సరిగా కూర్చున్నదో లేదో చూచి, మరల బిగింపవలెను. ఆ వంకర అట్లే యుండనిచ్చినచో కంపము పెరిగి చెక్క శరీరపు అతుకులను వదులుచేయును.

ఇక ఎగురవేయు చోటు మాట: పుదుచ్చేరిలోని లాస్‌పేట విమానాశ్రయము పట్టణమునకు అంటియే యున్నది గనుక, ఎచట ఎగురవేయవచ్చునో చూపు ప్రభుత్వపు డిజిటల్ స్కై పటము చూడక ఇచట ఎవరును ఎగురవేయరాదు. ఈ పనికి పూనుకొను యువకులకు నా మనవి: నిప్పురవ్వనిచ్చు కాయిలును ఇంజను లోహమునకు కలిపి ఇంజనును ఆర్పు స్విచ్చిని అమర్చిన పిమ్మటనే ప్రొపెల్లరుపై చేయి వేయుడు, ఇంజను తిరుగునప్పుడు దాని వెనుకనే నిలువుడు, పక్కన ఎవరిని నిలువనీయకుడు.