బోయజు పొలములో దేవుని రెక్కలు



రూతు గ్రంథము మిక్కిలి చిన్నది. 4 అధ్యాయములు, 85 వచనములు. పొయ్యిమీద అన్నము ఉడుకులోపల చదివి ముగింపవచ్చును. అయినను మన సంఘములలో ఇది ఎక్కువగా వినబడునది పెండ్లిలోనో, అత్తాకోడండ్ర తగవు తీర్చునప్పుడో. పెండ్లిలో రూతు చేసిన ప్రమాణమును వధూవరులకు చదివి వినిపింతురు. ఆమె ఆ మాటలు భర్తతో పలుకలేదు. భర్త చనిపోయిన తరువాత, దిక్కులేని అత్తతో పలికినది. కోడలికి బుద్ధి చెప్పుటకే ఈ గ్రంథమున్నదనుకొనినయెడల మనము దానిని సగమే చదివినవారమగుదుము.

గ్రంథకర్త దేవునిగూర్చి వ్రాసిన విధమును చూడుడి. ఇందులో సముద్రము పాయలగుట లేదు. ఆకాశమునుండి అగ్ని దిగుట లేదు. దేవదూత కనబడుట లేదు. మనుష్యుల నోట దేవుని నామము మాటిమాటికి వచ్చును గాని, దేవుడు ఈ పని చేసెనని కథలో చెప్పబడినది రెండే చోట్ల. మొదటి అధ్యాయములో ఆయన తన జనులకు ఆహారమిచ్చెను. చివరి అధ్యాయములో రూతుకు గర్భము దయచేసెను. ఈ రెంటి మధ్య నున్నదంతయు ఆకలి, నడక, కోత, కొలత, ఊరి గవినియొద్ద పెద్దల మాట. రూతు బోయజు పొలమునకు వచ్చుట సహితము అనుకోకుండ జరిగినట్లే వ్రాయబడినది. మీ దినములును నా దినములును ఇట్లే గడచుచున్నవి కాదా?

నయోమిని చూడుడి. మోయాబులో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని తిరిగి వచ్చినది. దేవుడే నాకు చేదు కలుగజేసెనని ఊరి స్త్రీల యెదుట చెప్పినది. గ్రంథకర్త ఆమెను గద్దింపలేదు. దుఃఖపడువారితో అంతయు మేలుకేయని తొందరపడి చెప్పు మనము ఇక్కడ నేర్చుకొనవలసినది కలదు. ఆమె దేవునిమీద మొరపెట్టినది గాని ఆయన జనులను విడిచిపోలేదు. బేత్లెహేమునకే నడిచి వచ్చినది. చేదైన నోటితోనైనను ఆయన వైపు నడచుట నమ్మికయే.

ఇప్పుడు గ్రంథమంతటికి కీలకమైన మాటకు వచ్చుదము. రెండవ అధ్యాయములో బోయజు, దేవుని రెక్కల క్రింద ఆశ్రయము కోరి వచ్చిన రూతుకు ఆయన ప్రతిఫలమిచ్చుగాక యని దీవించెను. మూడవ అధ్యాయములో కళ్లమునొద్ద రూతు, నీ కొంగు నామీద కప్పుమని అతనిని అడిగెను. హెబ్రీ భాషలో ఈ రెండు చోట్ల ఉన్నది ఒకటే మాట. అది పక్షి రెక్కకును, వస్త్రపు అంచునకును చెల్లును. తెలుగులో రెక్క వేరు, కొంగు వేరు గనుక ఈ పోలిక మనకు కనబడదు. ఆమె అడిగినదేమి? అయ్యా, నీవు నాకొరకు చేసిన ప్రార్థనకు నీవే జవాబు కమ్మని అడిగినది. దేవుని రెక్కలు ఆ రాత్రి బోయజు దుప్పటి అంచుగా కనబడవలసియుండెను.

అతడు వెనుదీయలేదు, ముందే పొలములో అలవాటు పడినవాడు. పొలము అంచులవరకు కోయక పేదలకును పరదేశులకును పరిగె విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. బోయజు అంతటితో ఆగలేదు. ఆమెకొరకు పనలలోనుండి కొంత కావలెనని రాల్చి విడువుడనెను. ఆమెను ఎవరును ముట్టకూడదనెను. పనివారు తోడిన నీళ్లు త్రాగనిచ్చెను. సాయంకాలమునకు రూతు దుల్లగొట్టగా దాదాపు తూమెడు యవలాయెను.

బోయజు ధనవంతుడు, అతనికి చెల్లును. మావంటివారి మాటేమని మీరడుగవచ్చును. గ్రంథమే జవాబు చెప్పుచున్నది. మధ్యాహ్నము తనకు పెట్టిన పేలాలలో తాను తిని మిగిల్చినది రూతు అత్తకొరకు ఇంటికి తెచ్చినది. ఆమెకు ఉన్నది అంతే. అందులోనే ఇంకొకరికి పాలున్నది. మరియొక బంధువు ఉండెను. అతడు దుర్మార్గుడు కాడు, లెక్క చూచుకొనినవాడు మాత్రమే. తన స్వాస్థ్యము చెడునేమోయని తప్పుకొనెను. అతని పేరు ఈ గ్రంథములో లేదు.

చదువరీ, కోతపండుగ వచ్చినప్పుడు మనము ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు మోసికొని గుడికి వత్తుము. వేలములో పైపాట పాడుదుము. అది మంచిదే. గాని ఆ ధాన్యము కోసిన కూలివారికి కూలి ముట్టినదా? ఇచ్చునప్పుడు కొలిచిన కుంచమును, పుచ్చుకొనునప్పుడు కొలిచిన కుంచమును ఒకటేనా? అనేక గ్రామములలో కోతయంత్రములు వచ్చినవి. ఒకప్పుడు పరిగె ఏరుకొని బ్రదికిన విధవరాలు ఇప్పుడు ఏ పొలమునకు పోవును? పనివారికియ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు పత్రిక 5వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. ఆ మొఱ్ఱ వినబడుచుండగా మన కోతపండుగ పాట ప్రభువు చెవికి ఎట్లుండును?

ఈ ఆదివారము ఇంటిల్లిపాదియు కూర్చుండి ఈ 4 అధ్యాయములు చదువుడి. తరువాత, ఇటీవల మీరు ఎవరికొరకు ప్రార్థించితిరో జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు వారిని తన రెక్కల క్రింద దాచునట్లు వేడుకొంటిరి గదా. సోమవారము ఉదయమున వారి వాకిటికి పోవుడి. పోవునప్పుడు వట్టిచేతులతో పోకుడి.