నూట ఎనభై లీటర్ల నీరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో నాకు అప్పజెప్పిన మొదటి రియాక్టర్ బ్యూటైల్ అసిటేట్‌ది. అసిటిక్ ఆమ్లం, బ్యూటనాల్, ఉత్ప్రేరకంగా కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం. వచ్చేది రంగుల తయారీలో, పెన్సిలిన్‌ను వేరుచేయడంలో వాడే సాల్వెంట్.

కాగితం మీద లెక్క తేలికే. 600 కిలోల ఆమ్లం, 740 కిలోల బ్యూటనాల్ పూర్తిగా కలిస్తే 1,160 కిలోల ఎస్టర్, 180 కిలోల నీరు. కానీ మూతపెట్టి ఎంతసేపు కాచినా మూడింట రెండు వంతుల దగ్గరే ఆగుతుంది. ఆగడమంటే చర్య నిలిచిపోవడం కాదు. ఎస్టర్ ఎంత వేగంగా పుడుతోందో అంతే వేగంగా నీటితో కలిసి వెనక్కి విరుగుతోంది. అదే సమతాస్థితి. ఫ్రాన్స్‌లో బెర్తెలో, పేయాన్ ద సేంట్ జీల్ 1862లో మామూలు ఆల్కహాల్‌తో ఈ హద్దునే చూశారు.

మరికాస్త సల్ఫ్యూరిక్ వేద్దామన్నాను. "యాసిడ్ కాదు సార్, నీళ్లు దించాలి" అన్నాడు ఆపరేటర్. నిజమే. ఉత్ప్రేరకం ఆ హద్దుకు త్వరగా చేరుస్తుందే తప్ప హద్దును జరపలేదు.

నీళ్లు దించడంలోనే ఉంది పనితనమంతా. ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి డికాంటర్‌లో పడి రెండు పొరలవుతుంది. పైన తేలే ఎస్టర్, బ్యూటనాల్ మళ్లీ రియాక్టర్‌లోకి, కింద చేరిన నీరు బయటికి. నీరు పోయినకొద్దీ ఎస్టర్ వెనక్కి విరిగే దారి మూసుకుపోతుంది. అర్ధరాత్రి సైట్ గ్లాస్‌లో ఆ పొరల మధ్య గీత మెల్లగా పైకి పాకడం చూస్తూ నిలబడటం నాకెంతో ఇష్టం.

ఒక రాత్రి 190 లీటర్లు వచ్చాయి. నూరు శాతం దాటేశానని సంబరంగా బ్యాచ్ షీట్‌లో రాశాను. పొద్దున సీనియర్ కెమిస్ట్ గారు ఆ అంకె చుట్టూ గీత గీసి, "ఇందులో చర్యలో పుట్టిన నీళ్లెన్ని, సరుకుతో వచ్చినవెన్ని?" అని అడిగారు. ఆమ్లంతో వచ్చిన తేమను నేను లెక్కలో వేయలేదు. పైగా నీటిలో ఏడు శాతం దాకా బ్యూటనాల్ కరుగుతుంది. నీరని కొలిచిన దాంట్లో నా ముడిసరుకే ఉంది! శాంపిల్‌ను క్షారంతో టైట్రేషన్ చేస్తే ఆమ్లం ఇంకా మిగిలే ఉందని తేలింది.

మిగిలిన సరుకును నష్టమని రాసేవాళ్లతో నేనిప్పటికీ వాదిస్తాను. అమ్మోనియా ప్లాంట్లలో ఒక్క చుట్టుకు మారే వాయువు సాధారణంగా 15-20 శాతమే. మిగిలినదాన్ని తిప్పి తిప్పి పంపి దాదాపు అంతా అమ్మోనియా చేస్తారు.

అందుకే ఎవరు బ్యాచ్ షీట్ చూపించినా ఈల్డ్ గడి చివర్లో చూస్తాను. వేసింది 1,340 కిలోలైతే ఎస్టర్, నీరు, మిగులు అన్నీ కలిపి 1,340 దొరకాలి. ఆ రాత్రి వచ్చిన 190 లీటర్లనూ సీనియర్ గారు అడిగేసరికే కాలువలోకి వదిలేశాను. దాన్ని మళ్లీ కాచి ఉంటే పది కిలోల దాకా బ్యూటనాల్ తర్వాతి బ్యాచ్‌కు చేతికొచ్చేది.