రామదాసు తగవు

మార్మికానుభూతి అనగానే మాట మూగపోవటం, మనస్సు లయించటం అని మన పెద్దలు చెబుతూ ఉంటారు. 17వ శతాబ్ది రామదాసు విషయంలో ఆ నిర్వచనం చాలదు. గోల్కొండ చెరలో ఆయన రామునికి లెక్క ఒప్పజెప్పాడు: సీతమ్మ చింతాకు పతకానికి 10,000 వరహాలు, శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికి 10,000 మొహరీలు. (తహశీల్దారు గదా, లెక్క మరువడు!) ఈ సింగారమంతా ఎవరి చలవ అని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టాను, నొచ్చుకోవద్దని వేడుకొన్నాడు. ఇక్కడ జీవుడు దేవునిలో కరిగిపోలేదు, ఎదురుగా నిలిచి పోట్లాడాడు. తిట్టగలిగినంత చనువే ఆయన సాక్షాత్కారమని నా అభిప్రాయం.

మన మారిషస్ రామభజనలో దీపం చుట్టూ తిరుగుతూ రామదాసును పాడుకొంటున్నాము. అర్థం తెలియకున్నా తాళమే తరింపజేస్తుందని కొందరి వాదన. తాళం పరవశం తెస్తుంది, కాదనను. అయితే ఆ పరవశం ఏ కీర్తనకైనా ఒకటే. ఈ కీర్తనలోని దెబ్బ, అలక, పశ్చాత్తాపం మాటల్లోనే ఉన్నాయి. పిల్లలు రోమను లిపిలో చూచి నవ్వుముఖంతో పాడుతూంటే చెరసాల మాయమై, నగల జాబితా మిగులుతోంది. దీపం వెలిగించాక, తాళం అందుకొనే ముందు, ఆ చరణాల భావం క్రియోలులోనైనా సరే ఒక పెద్ద చెప్పవచ్చు. రెండు నిమిషాల పని.