ఎడమ చేతిని కాస్త తగ్గమనండి

మా మనవరాలికి పధ్నాలుగేళ్ళు. నాలుగేళ్ళనుంచీ పియానో నేర్చుకుంటోంది. ఇంట్లో ఉన్నది అసలు పియానో కాదు లెండి, బల్లమీద పెట్టుకునే కీబోర్డు. మొన్న వేసవి సెలవుల్లో తనే ఒక చిన్న పాట కట్టి కంప్యూటర్లో రాసుకుంది. పాశ్చాత్య సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగదా ఇప్పుడు! గీతలమీద స్వరాల గుర్తులు పెట్టి మీట నొక్కితే, రాసిందంతా అదే వాయించి వినిపిస్తుంది. పిల్ల మురిసిపోతూ నొక్కింది. విన్నది. మొహం మాడ్చుకుంది.

"ఛీ, ఏం బాగాలేదు అమ్మమ్మా! అసలు పాటే వినపడటంలేదు. ఎడమ చేతిది తీసేస్తున్నా" అని ఎనిమిది గడుల్లో ఎడమ చేతి స్వరాలన్నీ చెరిపేసింది.

నేను పియానో ముట్టినదాన్ని కాను. కాని యాభై ఏళ్ళుగా కచేరీలు వింటున్నదాన్ని. పక్కవాద్యం పాటను మింగేస్తోందని కనిపెట్టడానికి పియానో రానక్కర్లేదు. "ఆగవే! తప్పు పాట కట్టినవాళ్ళదో, వాయించినవాళ్ళదో ముందు తేల్చుకుందాం" అన్నాను. కచేరీమీద విమర్శ రాస్తాం, సినిమామీద రాస్తాం. యంత్రం వాయించినదానిమీద మటుకు ఎందుకు రాయకూడదూ?

పియానో సంగీతాన్ని అయిదేసి గీతల వరసలు రెండు, ఒకదాని కింద ఒకటి వేసి రాస్తారు. పైది సాధారణంగా కుడిచేతికి, కిందది ఎడమచేతికి. రెండింటినీ కలుపుతూ పక్కన మీసంలాంటి మెలిక ఒకటి. మెల్లగా వాయించాలంటే 'పి' అనీ, గట్టిగానైతే 'ఎఫ్' అనీ ఆ రెండు వరసల నడుమ ఒక్క అక్షరం వేస్తారు. అది రెండు చేతులకీ చెందుతుంది. చేయి తిరిగినవాళ్ళు ఆ 'పి'ని చూసి, పాట నడిపే చేతిని కాస్త పైకి తెచ్చి, రెండో చేతిని ఇంకాస్త తగ్గించి వాయిస్తారు. ఎంత తగ్గించాలో కాగితంమీద ఉండదు.

మన వంటల శీర్షికల్లో "ఉప్పు తగినంత" అని రాయరూ? అలాంటిదే ఇదీను. తగినంత అంటే ఎంతో వండేవాళ్ళ చేతికి తెలుసు. యంత్రానికి చెయ్యీ లేదు, నాలుకా లేదు. దానికి తెలిసిందల్లా అంకె. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ప్రతి స్వరానికీ ఎంత జోరుగా కొట్టాలో 127 దాకా ఒక అంకె ఉంటుంది. మా పిల్ల వాడే సాఫ్ట్‌వేరులో 'పి' అంటే 49, ఓ మోస్తరు గట్టి అంటే 80. రెండు వరసల నడుమ 'పి' కనిపిస్తే పైవాళ్ళకీ కిందివాళ్ళకీ చెరో 49 పంచేస్తుంది. ఎంత న్యాయం! ఎంత అన్యాయం!

ఈ న్యాయం ఎలా ఉంటుందో చూద్దామని ఒక పెద్దాయన రచన పెట్టించాను. షోపాన్ 1839లో అచ్చువేయించిన ఇరవైనాలుగు ప్రెల్యూడ్లలో నాలుగవది, ఇ మైనర్‌లోది. దాని మొదటి గడిలో కుడిచేతికి ఉన్నవి రెండే స్వరాలు. ఒకటి పొడుగ్గా సాగేది, ఒకటి పొట్టిది. ఎడమచేతికి మూడేసి స్వరాల గుత్తులు ఎనిమిది. అంటే రెంటికి ఇరవైనాలుగు! పైగా పియానో స్వరం కొట్టిన క్షణంలో గట్టిగా ఉండి, ఆ తర్వాత సన్నబడిపోతుంది. కుడిచేతి స్వరం అలా ఆరిపోతూ ఉంటే, ఎడమచేతి గుత్తి మళ్ళీ మళ్ళీ కొత్తగా మోగుతూనే ఉంటుంది. ఇద్దరికీ ఒకే అంకె ఇస్తే ఎవరు వినపడతారు? యంత్రం వాయిస్తే, ఎవరో లోపల ఏడుస్తుంటే గుమ్మంలో రోలుపొత్రం తిప్పుతున్నట్టుంది. ఏడుపు ఏదో మూల ఉంది. వినపడేది మాత్రం పొత్రమే.

ఇటలీలో క్రిస్తోఫొరి అనే ఆయన 1700 ప్రాంతంలో ఈ వాద్యాన్ని తయారుచేసింది ఎందుకూ? అంతకుముందున్న హార్ప్సికార్డులో వేలు మెల్లగా వేసినా గట్టిగా వేసినా మోత ఇంచుమించు ఒకటే. అది మారాలనే కదా! పియానో అన్న పేరే 'మెల్లగానూ గట్టిగానూ' అనే మాటల్లోంచి మిగిలిన ముక్క. అన్ని స్వరాలనీ ఒకే జోరుతో కొట్టే యంత్రం, మూడువందల ఏళ్ళు వెనక్కి నడిచి పియానోని మళ్ళీ హార్ప్సికార్డు చేసి కూర్చోబెడుతోంది. నా విమర్శలో మొదటి మాట ఇది.

"అయితే ఎప్పుడూ కుడిచెయ్యి పెంచి, ఎడమచెయ్యి తగ్గించేస్తే సరి" అంది మనవరాలు. పిల్లలకి సూత్రాలంటే ఇష్టం. అందుకని అదే షోపాన్ ఆరవ ప్రెల్యూడ్, బి మైనర్‌లోది, పెట్టించాను. అందులో పాటంతా ఎడమచేతిలోనే ఉంది, కింది స్వరాల్లో. కుడిచెయ్యి పైన గుత్తులు తాటిస్తూ వంత పాడుతుంది. పిల్ల సూత్రం దీనికి పెడితే పాట నేలలో కలిసిపోయింది! 1849లో పారిస్‌లోని మాదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు, ఆర్గన్‌మీద వాయించిన ఆయన ప్రెల్యూడ్లు సరిగ్గా ఈ రెండే. ఒకదానిలో కుడిచెయ్యి పెద్దది, ఇంకొకదానిలో ఎడమది. ఏ చెయ్యి పెద్దదో చేతినిబట్టి కాదు, పాటనిబట్టి తేలుతుంది. రెండో మాట ఇది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, యంత్రానికి చెప్పుకునే దారులూ ఉన్నాయి. మిక్సర్ అని ఒకటుంది (వంటింటిది కాదు లెండి), వాద్యానికొక మీట చొప్పున ధ్వని తగ్గించి పెంచడానికి. తీరా చూస్తే అందులో పియానోకి ఒకటే మీట! రెండు వరసలూ ఒకే వాద్యం గదా మరి. కనుక కుడిచేతికొక గుర్తు, ఎడమచేతికొక గుర్తు విడివిడిగా వేసి, ఏది ఏ వరసకే చెందాలో చెప్పాలి. అచ్చులో కనపడకుండా వాటిని దాచేయవచ్చు కూడా. లేదా రెండు చేతులనీ రెండు వాద్యాలుగా రాసుకోవచ్చు, అప్పుడు మీటలు రెండు వస్తాయి. కాని వేరు కాపురం పెడితే వచ్చే చిక్కులు ఇక్కడా ఉన్నాయి. కింద రాసిన పెడల్ గుర్తు పైచేతికి వర్తించదు. ఒక వరసనుంచి రెండో వరసకు స్వరాలు దాటించడం కష్టమవుతుంది. మేము మొదటి దారే పట్టాం.

యంత్రం పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఎడమచెయ్యి తగ్గించాక కూడా ఒక గడిలో మోత మోతగానే ఉంది. బాగా కింది స్వరాలు మూడు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయక్కడ. అంత కింద అలా ఇరికిస్తే అసలు పియానోమీదైనా బురద కలిపినట్టే ఉంటుంది. అది రాతలో తప్పే. నడిమి స్వరం ఒకటి పైకి జరిపితే తేటపడింది. వాయింపు తప్పేదో, రాత తప్పేదో తెలియాలంటే ముందు తూకం సరిచేసి వినాలి. అది చెయ్యకుండా చెరపడం మొదలెడితే చెరిగేది మన పాటే. పైగా కంప్యూటర్లోని చిన్న స్పీకరుతో విని తూచకండి. కింది స్వరాలు అందులో సరిగా పలకవు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మళ్ళీ మీదపడతాయి. రెండు విధాలా విని నడిమికి రావాలి.

చెరిపిన ఎనిమిది గడులూ పిల్ల మళ్ళీ రాసింది. ఎడమచేతిని 49కి దించింది, కుడిచేతిని 80లో ఉంచింది. బాగుంది. ఆ ఉత్సాహంలో ఇంకా దించింది, ఇంకా దించింది. చివరికి పాట ఒక్కటే మిగిలి, దండెంమీద ఒంటరి చీరలా గాలికి ఊగింది.

"అదేమిటి అమ్మమ్మా, ఇప్పుడు పాట బాగా వినపడుతోందిగా, అయినా బాగాలేదే?" అంది.

"తగ్గమనడం వేరు, పొమ్మనడం వేరు" అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించి, మీటని కొంచెం పైకి తెచ్చింది. మళ్ళీ విన్నది. ఇంకొంచెం తెచ్చింది. ఎక్కడ ఆగాలో ఈసారి నన్ను అడగలేదు.