కథ ఆవిడది, కలం ఎవరిది?

కిందటి వారం మా విశాఖలో నలుగురు ఆడవాళ్లం చేరి "ఏడు తరాలు" గురించి మాట్లాడుకున్నాం. ఎలెక్స్ హేలీ రాసిన "రూట్స్"కి సహవాసిగారి తెలుగు అది. చదివి కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు మాలో లేరు. "పాపం, నోరులేని వాళ్లు!" అన్నారు మా పక్కింటి వదినగారు.

ఆ మాట దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. నిజంగా నోరులేని వాళ్లేనా?

ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, 1845లో తన కథ తనే రాసుకున్నాడు. ఊరూరా ఉపన్యాసాలిచ్చి, పత్రిక పెట్టి, బానిసత్వం మీద పోరాటానికి నాయకుడయ్యాడు. ఆయన పేరు మనకి కాస్తో కూస్తో తెలుసు. హారియట్ జాకబ్స్ పేరే తెలీదు. ఆడవాళ్లం మనమే తెలుసుకోకపోతే ఇంకెవరు తెలుసుకుంటారు చెప్పండి?

యజమాని కామానికి లొంగలేక ఆవిడ అమ్మమ్మగారి ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కుంది. పొడవు 9 అడుగులు, వెడల్పు 7, ఎత్తు 3. నిలబడే వీల్లేదు. కింద పిల్లల మాటలు వినిపిస్తాయి, పిలవడానికి లేదు! 1842లో ఉత్తరాదికి పారిపోయి, తర్వాత రోచెస్టర్‌లో బానిసత్వ వ్యతిరేకుల పఠనాలయంలో పనిచేసింది. అప్పటికి "అంకుల్ టామ్స్ క్యాబిన్"తో పేరు మోగిపోతున్న హారియట్ స్టోవ్, ఈవిడ కథని తన పుస్తకంలో కలుపుకుంటానంది. జాకబ్స్ ఒప్పుకోలేదు. ఇంటెడు చాకిరీ చేసుకుంటూ, రాత్రుళ్లు కూర్చుని తనే రాసింది. 1861లో అచ్చయింది.

ఆ పుస్తకంలో లోపం లేదనను. అక్కడక్కడ ఆనాటి నవలల కన్నీటి ధోరణి కనిపిస్తుంది. కానీ తను చేసిన పనుల్లో లోకం తప్పు పట్టేవాటినీ దాచుకోలేదు. "వినండి, విని ఏదైనా చెయ్యండి" అన్నట్టు చదివే ఆడవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడింది. పేరు పేజీ మీద "తనే రాసుకున్నది" అని ఉన్నా, చాలాకాలం పండితులు నమ్మలేదు. సరిదిద్దిన తెల్ల రచయిత్రే రాసి ఉంటుందన్నారు! 1980లలో జీన్ యెలిన్ అనే ఆవిడ ఉత్తరాలు వెతికి నిరూపించాకగానీ జాకబ్స్ కథ జాకబ్స్‌కి దక్కలేదు.

అమెరికా దాకా ఎందుకు? మన విశాఖ మన్యాన్నే చూడండి. కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని రోడ్డు పనులకి తోలిన రోజుల్లో, 1922లో తిరుగుబాటు లేచింది. అల్లూరి సీతారామరాజు అనగానే మనకి ఒళ్లు పులకరిస్తుంది, పులకరించాలి కూడా. కానీ ఆ కొండల్లోనే పుట్టి ఆయన పక్కన పోరాడిన గాం మల్లుదొర మాటేమిటి? ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారి, బతికి బయటపడి, 1952లో మన విశాఖపట్నం నుంచే మొదటి లోక్‌సభకి ఎన్నికైన మనిషి! ఆయన కథ మనలో ఎంతమంది రాశాం?

ఇంతా చెప్పి నా సంగతి దాచుకుంటే అన్యాయం. కొన్నేళ్ల కిందట ఒక కథ రాశాను. తండ్రి చేసిన అప్పు కింద మోతుబరి ఇంట్లో చాకిరీకి చిక్కిన పిల్లని ఒక అమ్మగారు విడిపిస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అది మా ఇంట్లో పనిచేసే ఆవిడ చిన్నప్పటి కథ. చదివి వినిపించాను, సంతోషిస్తుందని.

మొత్తం విని, అంట్ల గిన్నె కింద పెట్టి, "బావుందమ్మా. మరి నన్నెవులూ విడిపించనేదు కదేటి? నానే రాత్రికి రాత్రి సెల్లిని సంకనేసుకోని ఒచ్చీసినాను. ఆ అమ్మగారెవులు?" అంది.

ఆ అమ్మగారు నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోరులేనిది ఎవరికో అప్పుడు తెలిసింది.

ఈసారి బృందంలో ఆవిణ్ణే మాట్లాడమన్నాను. వస్తానంది. మేం వింటాం.