పదేళ్ల పూచీ : ఒక కొటేషన్ కాగితంపై విమర్శ

గత వేసవిలో గోదావరిఖని నుండి ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు నా వద్దకు ఒక కాగితం తెచ్చాడు. ఆటల కంప్యూటరు కొనదలచి కరీంనగరంలో ఒక దుకాణంలో రాయించుకున్న కొటేషన్ అది. మొదటి పంక్తిలో ఇంటెల్ వారి కోర్ ఐ9-14900కె ప్రాసెసరు. దాని కింద నీటితో చల్లబరిచే పరికరం, రంగు దీపాల ర్యామ్, అద్దాల క్యాబినెట్, 8 గిగాబైట్ల గ్రాఫిక్ కార్డు. చిట్టచివర 'ఎస్.ఎమ్.పి.ఎస్. - 1' అని మాత్రమే ఉన్నది. దాని తయారీదారు పేరు లేదు, వాట్లు లేవు. అడుగున చేతిరాతతో ఒక పూచీ: 'పదేళ్లు చూసుకోనక్కర లేదు.'

"సార్, అన్నిటికన్న పెద్ద ప్రాసెసర్ పెడితే ఎక్కువ ఏండ్లు వస్తది గద?" అన్నాడు కుర్రవాడు.

ఈ నమ్మకం ఆ దుకాణానికి గాని, ఆ కుర్రవానికి గాని ప్రత్యేకమైనది కాదు. ఆదిలాబాదులోను, మంచిర్యాలలోను, హైదరాబాదులోను ఇదే మాట వినబడుతుంది. కాబట్టి గ్రంథ విమర్శకుడు పుస్తకాన్ని చదివినట్లుగా ఈ కాగితాన్ని పంక్తి పంక్తిగా చదివి చూడడం అవసరమనిపించింది.

మొదట మాటల అర్థం తేల్చుకోవాలి. యంత్రం రెండు విధాలుగా పనికిరాకుండా పోతుంది. ఒకటి, అది చెడిపోవడం. రెండవది, అది బాగానే ఉండి కూడా కొత్త ఆటలకు చాలకపోవడం, అనగా దానికి కాలదోషం పట్టడం. మొదటిది భౌతికశాస్త్రానికి సంబంధించినది, రెండవది వ్యాపారానికి సంబంధించినది. కాగితం రాసినవారు రెండింటికీ ఒకే మందు రాశారు.

ప్రాసెసరు గొప్పతనాన్ని ఒకే అంకెతో కొలిచే అలవాటు ఈనాటిది కాదు. ఒకప్పుడు ఆ అంకె గిగాహెర్ట్‌జ్. 2004లో పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్‌జ్‌కు చేరుకున్నది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో అంతకన్న తక్కువ వేగంతో తిరుగుతూనే దానిని ఓడించింది. ఒక్కొక్క టిక్కులో అది చేసే పని ఎక్కువ. తరువాత కోర్ల సంఖ్యను గొప్పగా చెప్పుకున్నారు. 2011లో ఎ.ఎమ్.డి. వారు ఎఫ్ఎక్స్ వరుసలో ఎనిమిది కోర్ల ప్రాసెసరు తెచ్చారు. అందులో రెండేసి కోర్లకు కలిపి దశాంశ గణితం చేసే విభాగం ఒక్కటే ఉండేది. దీనిపై అమెరికాలో కొనుగోలుదారులు దావా వేయగా 2019లో కంపెనీ 1 కోటి 21 లక్షల డాలర్లకు రాజీ పడింది.

ఆటలో ప్రాసెసరు చేసే పని ఏమిటి? సెకనుకు 60 చిత్రాలు చూపాలంటే ఒక్కొక్క చిత్రానికి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకండ్లు. ఆ వ్యవధిలో ఎవరు ఎక్కడ ఉన్నారు, గుండు ఎవరికి తగిలింది, తలుపు తెరచుకున్నదా లేదా అని లెక్క కట్టేది ప్రాసెసరు. ఆ లెక్క ప్రకారం రంగులు నింపేది గ్రాఫిక్ కార్డు. ఇల్లు కట్టే చోట మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా ఇటుకలు మోసేవారు ఇద్దరే అయితే గోడ లేవదు గదా! తెర పెద్దదై, చిత్రం సూక్ష్మమైన కొద్దీ భారమంతా గ్రాఫిక్ కార్డు మీద పడి, ఖరీదైన ప్రాసెసరు దాని కోసం వేచి ఉంటుంది.

ప్రాసెసరుకు ఇంకొక నిరీక్షణ కూడా ఉన్నది. 5 గిగాహెర్ట్‌జ్ వద్ద ఒక టిక్కు 0.2 నానోసెకండు మాత్రమే. ర్యామ్ నుండి ఒక అంకె తెచ్చుకోవడానికి సుమారు 80 నానోసెకండ్లు పడుతుందనుకుంటే 400 టిక్కులు వృథా. దుకాణంలో అలమరలో ఉన్న సరుకుకు, ఊరి చివర గోదాములో ఉన్న సరుకుకు ఉన్నంత తేడా ఇది. ప్రాసెసరు పక్కనే ఉండే అలమరను క్యాష్ అంటారు. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరులో ఈ క్యాష్‌ను 32 నుండి 96 మెగాబైట్లకు పెంచారు. కోర్లు పెరగలేదు, గిగాహెర్ట్‌జ్ కొంత తగ్గింది కూడా. అయినా చాలా ఆటలలో అది తన అన్నగారైన 5800ఎక్స్‌ను మించిపోయింది. కొటేషన్ కాగితంలో క్యాష్ ప్రసక్తి ఎక్కడా లేదు.

ఇక కాలదోషం సంగతి. అది వచ్చే దారిని ప్రాసెసరు కాపలా కాయలేదు. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఎనిమిది కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ ఉన్నవి. పెద్ద ఆటలు తయారుచేసేవారు అటువంటి యంత్రాలను ప్రమాణంగా పెట్టుకుంటారు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు, కాంతికిరణాల దారిని గణించే విభాగం ఉన్న గ్రాఫిక్ కార్డు తప్పనిసరి అయింది. అది లేని కార్డు పక్కన ఎంత పెద్ద ప్రాసెసరు పెట్టినా లాభం లేదు. మరొక దారి మరీ విచిత్రమైనది. 2021లో వచ్చిన విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం గాని, అంతకు తరువాతిది గాని ఉండాలన్నారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2017 ఆరంభంలో ఎక్కువ ధర పెట్టి ఏడవ తరం ఐ7 కొన్నవాని ప్రాసెసరు ఏ మాత్రం అరగలేదు, చెడలేదు. నియమం మారింది, అంతే.

రాబోయేది తెలియనప్పుడు చేయదగిన పని ఒకటున్నది: మార్చుకొనే వీలు ఉంచుకోవడం. ఇక్కడ మదర్‌బోర్డు ముఖ్యమవుతుంది. 2017లో ఎ.ఎమ్.4 సాకెట్ బోర్డు కొన్నవారిలో చాలామంది బయోస్ మార్చుకొని, అదే బోర్డులో 2022 నాటి 5800ఎక్స్3డిని పెట్టుకోగలిగారు. అదే 2017 ఆరంభంలో ఇంటెల్ 200 వరుస బోర్డు కొన్నవారికి ఆ ఏడు అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరం ప్రాసెసరు పనికిరాలేదు; సాకెట్ పేరు ఒక్కటే, పిన్నుల సంఖ్యా ఒక్కటే. మన కాగితంలోని ఎల్.జి.ఎ.1700 సాకెట్ మూడు తరాలకు పనికివచ్చింది, నిజమే. కాని 14900కె ఆ మూడింటిలో చివరి తరానిది. 2024లో వచ్చిన ప్రాసెసర్లకు ఇంటెల్ సాకెట్‌నే మార్చింది. అనగా ఆ కుర్రవాడు మెట్లెక్కడానికి వీలులేని చోట, పై మెట్టుకే ధర చెల్లించబోతున్నాడు. 2022లో వచ్చిన ఎ.ఎమ్.5 సాకెట్‌కు 2027 వరకు, అంతకు మించి కూడా మద్దతు ఇస్తామని ఎ.ఎమ్.డి. ప్రకటించింది. ఈ రోజున కొనేవాడు దానిలో మధ్యరకం ప్రాసెసరు పెట్టి, మిగిలిన సొమ్ము దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. 2025 చివరలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి. కృత్రిమ మేధ కేంద్రాలకు మెమరీ తరలిపోవడం అందుకు ముఖ్యకారణం. తరువాత కొందామని ఆగినవారు నష్టపోయారు. కాబట్టి ర్యామ్ విషయంలో వాయిదా పనికిరాదు. కావలసినంత మొదటే తీసుకోవాలి. గ్రాఫిక్ కార్డు మెమరీని తరువాత పెంచుకొనే వీలే లేదు. 2023లో ఆర్.టి.ఎక్స్. 4060టి కార్డు ఒకే పేరుతో 8 గిగాబైట్లలోను, 16 గిగాబైట్లలోను అమ్మారు. వాటిలో ఏది ఎక్కువకాలం పనికివస్తుందో చెప్పడానికి జోస్యం అక్కరలేదు.

ఇప్పుడు చెడిపోవడం గురించి. మన జిల్లాలకు ప్రత్యేకమైన విషయం ఇదే. యంత్రాలను పరీక్షించి తీర్పు చెప్పేవారు సాధారణంగా 20, 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. రామగుండంలోను, ఆదిలాబాదులోను మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం అందరూ ఎరిగినదే. రేకుల ఇంట్లో మధ్యాహ్నం 42 డిగ్రీలు అనుకుందాం.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్ల మీద వేయించవచ్చును. చల్లబరిచే పరికరం ఒక్కొక్క వాటుకు పావు డిగ్రీ చొప్పున ప్రాసెసరును గది కన్న వేడెక్కనిస్తుందనుకోండి. 14900కె గరిష్ఠ పరిమితి 253 వాట్లు. నాలుగవ వంతు 63 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలో ప్రాసెసరు 85 వద్ద నిలుస్తుంది, బాగానే ఉన్నది. 42 డిగ్రీల గదిలో 105 కావాలి. కాని దాని హద్దు 100. కాబట్టి అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 88 వాట్లకు మించని రైజెన్ 5 7600 అదే గదిలో 64 డిగ్రీల వద్ద సుఖంగా ఉంటుంది. ఆటలలో పెద్ద ప్రాసెసరు నిత్యం 253 వాట్లు వాడదన్న మాట నిజమే. అయితే అంత ఖరీదు దేనికి పెట్టినట్లు? నీటి పరికరం కూడా ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కన్న కిందికి దించలేదు. పైగా అందులో పంపు ఒకటి ఎక్కువ, నీరు ఏళ్ల తరబడి సన్నగా ఇగిరిపోతుంది. లోహపు రెక్కల మీద ఫ్యాను ఉన్న సాధారణ పరికరంలో చెడేది ఫ్యాను ఒక్కటే.

పెద్దది ఎక్కువ కాలం మన్నుతుందన్న మాటకు 2024లోనే గట్టి దెబ్బ తగిలింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ9 తరగతిలో, ఆటల మధ్య ఆగిపోవడం మొదలైనది. అవసరానికి మించిన వోల్టేజి వల్ల లోపలి వలయం క్షీణిస్తున్నదని కంపెనీ ఒప్పుకొని, ఆగస్టులో సవరణ ఇచ్చి, పూచీకాలం రెండేళ్లు పొడిగించింది. సవరణ బయోస్ ద్వారా వస్తుంది. అది వేశారా అని కాగితం తెచ్చిన కుర్రవానికి అడగాలని తెలియదు.

మన కాగితంలో అసలు ప్రమాదం చివరి పంక్తిలో ఉన్నది. ఎస్.ఎమ్.పి.ఎస్.లో విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోని ద్రవం వేడికి ఆరిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగమవుతుందని ఇంజనీర్లు వాడే మోటు సూత్రం. 85 డిగ్రీల వద్ద 2000 గంటలు అని గుర్తున్న చౌకరకం కెపాసిటరు, గది కన్న 20 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉన్నదనుకుందాం. 25 డిగ్రీల గదిలో దాని ఆయువు 32,000 గంటలు. రోజుకు నాలుగు గంటల చొప్పున సుమారు 22 ఏళ్లు. 45 డిగ్రీల గదిలో 8,000 గంటలు. అదే చొప్పున ఐదున్నర ఏళ్లు. ఏడాదంతా వేసవి కాదు గనుక నిజం ఈ రెండింటి మధ్య ఉంటుంది. కాని లోపలి వేడి 20 కన్న ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. 105 డిగ్రీల గుర్తున్న కెపాసిటరైతే ఈ సంఖ్యలు నాలుగింతలవుతాయి. పెట్టె మీద 80 ప్లస్ బంగారు ముద్ర చూసి మోసపోకూడదు. అది విద్యుత్తు వృథా ఎంత తక్కువో చెబుతుంది, మన్నిక చెప్పదు. ఆ పరీక్ష జరిగేది కూడా సుమారు 23 డిగ్రీల వద్దనే.

రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంలో 1983 నుండి విద్యుత్తు పుడుతున్నది. దాని సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. అంత మాత్రాన ఇంటి గోడకున్న ప్లగ్గులో 230 వోల్టులు స్థిరంగా ఉంటాయని కాదు. యాసంగిలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజి దిగుతుంది. 100 నుండి 240 వోల్టుల వరకు తీసుకొనే ఎస్.ఎమ్.పి.ఎస్. అయితే దీనికి చలించదు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొనే సందు వేరే సమస్య. మంచి ఎస్.ఎమ్.పి.ఎస్. నిండు భారం మీద సుమారు 16 మిల్లీసెకండ్లు ఊపిరి బిగబట్టగలదు. ఇన్వర్టరును యు.పి.ఎస్. మీటలో పెట్టకపోతే అది అంతకన్న ఆలస్యం చేయవచ్చు.

దుమ్ము గురించి గనుల ఊళ్లవారికి, గ్రానైటు కోసే కరీంనగరం వారికి చెప్పనక్కరలేదు. అద్దాల క్యాబినెట్ కన్న ముందువైపు జల్లెడ ఉన్నది మేలు. ఫ్యానును గాలితో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టి ఉంచాలి. వదిలితే అది డైనమోలా తిరుగుతుంది. ఇక ఆదిలాబాదు ఇళ్లలోని గడ్డి కూలరు పొడి ఎండలో గదిని చాలా డిగ్రీలు చల్లబరుస్తుంది, కంప్యూటరుకు కూడా మేలే. తుంపరలు మాత్రం దాని మీద పడకూడదు.

ఇంత చెప్పి, కాగితం వెనుక వేరొక జాబితా రాసి ఇచ్చాను. మొదటి పంక్తిలో పేరున్న 650 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్., రెండవ పంక్తిలో ఎ.ఎమ్.5 బోర్డు, తరువాత 16 గిగాబైట్ల గ్రాఫిక్ కార్డు, 32 గిగాబైట్ల ర్యామ్. ప్రాసెసరు ఆ తరువాతనే. కుర్రవాడు చదువుకొని, కొంతసేపాగి, "మా ఇంట్ల పాత కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే సన్నగ జిల్లుమంటది సార్" అన్నాడు.

అది ఎర్త్ లేని ఇంటి లక్షణం. ఎస్.ఎమ్.పి.ఎస్.లో రెండు చిన్న కెపాసిటర్లు రెండు తీగల నుండి డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి స్వల్ప ప్రవాహం నేలలోకి పోతుంది, లేకపోతే డబ్బా 230లో సగం వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించగా మూడవ రంధ్రంలో తీగే లేదని తేలిందట. జాబితా పైభాగాన ఇంకొక పంక్తి చేర్చాము: ఎర్త్ గుంత, ఉప్పు, బొగ్గు, రాగి తీగ.