చిత్తకార్తెకు ముందు

మన సీమ రైతు కార్తెలను చూచి దుక్కి దున్నుటయే గాక, ఊరి మూగజీవుల నడవడిని సైతము ఆ కార్తెల పేరనే గుర్తుంచుకొనును. మృగశిరకు ఏరువాక యెట్టిదో చిత్తకార్తెకు కుక్కల ఎద అట్టిదని నల్లగొండలో గాని పాలమూరులో గాని పశువుల వెంట తిరుగు ప్రతి బాలునికిని తెలియును. అక్టోబరు నడిమి దినములలో వచ్చు ఆ కార్తెలో చూలుకట్టిన కుక్క సుమారు 63 దినములకు ఈనును గావున, కూనలు నేలపై పడునప్పటికి సరిగా మార్గశిర పుష్యమాసముల చలి ఎముకలను కొరుకుచుండును. గడ్డివాము చాటునను, కూలిన కొట్టపు మూలను పుట్టిన ఆ కూనలలో సంక్రాంతి ముగ్గుల నాటికి ఎన్ని మిగులునో, మిగిలినవానిలో ఎన్ని 44వ నంబరు జాతీయ రహదారిపై లారీ చక్రముల క్రింద ముగియునో వ్రాసి పెట్టు పద్దు ఏ పంచాయతీ కార్యాలయమునను లేదు. మగకూనలను ఎవరో యొకరు అడిగి తీసికొని పోదురు. ఆడకూనలు సంచిలో పడి చెరువుకట్టకో వారపు సంతకో చేరును.

ఆ కూనలు పుట్టకుండునట్లు చేయించు ఆపరేషనును గూర్చి, అందులోను వేలకు వేలు చెల్లింపలేని ఇంటివారు సర్కారు పశువైద్యశాలలోనో, జంతుసంక్షేమ సంస్థల శిబిరములోనో చవకగా చేయించుకొను ఆపరేషనును గూర్చి ఈ వారము వ్రాయదలచితిని. కత్తి పట్టిన వైద్యుని పని సామాన్యముగా ఒక గంటలోపల ముగియును. దానికి ముందటి రాత్రియు, తరువాతి రెండు వారములును ఇంటివారి నేర్పుపై ఆధారపడి యుండును. వైద్యుని నేర్పునకు కళాశాలలు కలవు. ఇంటివారి నేర్పునకు ఒక చీటీపై గబగబ వ్రాసిన నాలుగు మందుల పేర్లు తప్ప వేరు పాఠము లేదు.

కుక్కల తగవు మన రాష్ట్రమున ఎంతదూరము పోయినదో తెలియుటకు రెండు సంగతులు చాలును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు కుక్కల గుంపు వాతబడి ప్రాణము విడిచెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలము పొన్నకల్ గ్రామమున రాత్రివేళ సుమారు 20 కుక్కలు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ బాలుని కన్నవారి దుఃఖము మాటలకు అందునది కాదు. అట్లని తుపాకి ఆ దుఃఖమునకు మందు కాజాలదు. చచ్చిన కుక్కల వీధికి పొరుగు వీధి కుక్కలు వచ్చి చేరును, మిగిలిన ఒక్క ఆడకుక్క రెండు మూడు ఈతలలో ఆ లోటును పూడ్చును. ఈ సంగతిని గ్రహించియే మదరాసులో 1959లో వెలసిన బ్లూక్రాస్ సంస్థ 1964లో చంపుటకు మారుగా సంతతిని ఆపు పద్ధతిని చేపట్టెను. 1971లో అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరపాలకులు తక్కువ రుసుముతో ఈ ఆపరేషను చేయు చికిత్సాలయమును తెరచిరి. హైదరాబాదున 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూక్రాస్ మన రాష్ట్రమున ఈ పనికి దారి వేసినది. 2023 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కల భారమును స్థానికసంస్థలపై నుంచి, పెంపుడు జంతువునకు టీకాలు, ఆపరేషను చేయించు బాధ్యతను యజమానిపైననే మోపినవి. మన పల్లెలలో ఈ రెంటికిని నడుమ గీత గీయుట కష్టము. ఒక యింట తిని, మరొక వాకిట పండుకొని, మూడవవాని చేను కాయు కుక్కకు యజమాని యెవరు? బువ్వ పెట్టు చేయి ఎవరిదో వారే యజమాని యని నా తీర్పు.

చవక యెక్కడనుండి వచ్చినదో మొదట తెలిసికొనవలెను. శిబిరమున ఒకే దినము పెక్కు జంతువులకు వరుసగా చేయుదురు. సర్కారు వైద్యునికి ఫీజు లేదు, కుట్టు దారము, సూది మందు వంటివి కొన్ని బయట కొని తెమ్మని చీటీ వ్రాసి యిచ్చుటయు కలదు. కాని అసలు తగ్గింపు వేరొక చోట నున్నది. పెద్ద ఆసుపత్రి తన బిల్లులో కలుపుకొను రక్తపరీక్షలు, రాత్రి కాపలా, శుశ్రూష, కట్టు మార్చుట మున్నగునవి ఇచట లేవు. అవి అనవసరములై మానినవి కావు, ఇంటివారికి బదిలీ చేయబడినవి. ఈ బదిలీని ఎరుగని యజమాని కుక్కను ఇంటికి తెచ్చి యథాప్రకారము వాకిట వదలును. చవక ఆపరేషనులకు వచ్చిన చెడ్డపేరులో హెచ్చుభాగము ఈ అవగాహనలోపము వలన వచ్చినదే యని నా దృఢవిశ్వాసము.

సన్నాహము కొన్ని వారముల ముందే మొదలు కావలెను. ఎదలో నున్న కుక్క గర్భకోశమునకు రక్తము పోటెత్తి యుండును గావున ఆ సమయమున కోసిన రక్తస్రావభయము హెచ్చు. అది శాంతించుటకు రెండు మూడు నెలలు పట్టును. కనుక చిత్తకార్తె వచ్చి నెత్తిన పడువరకు ఆగక, ఆషాఢశ్రావణములలోనే వైద్యుని కలియుట మేలు. జూలై 6వ తేదీ జూనోసిస్ దినము, అనగా 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి పిచ్చికుక్క కాటునకు టీకా వేసిన దినము. ఆనాడు మన పశువైద్యశాలలలో ఉచితముగా రేబీస్ టీకాలు వేయుదురు. టీకాకు తీసికొని పోయిన నాడే ఆపరేషను మాట యెత్తి దినము నిర్ణయించుకొనవచ్చును. మరొక ముఖ్యవిషయము పిడుదులు. చెవుల లోపలను వ్రేళ్ళ సందులను గుత్తులు గుత్తులుగా పట్టి రక్తము పీల్చు ఈ పురుగుల మూలమున వచ్చు జ్వరము రక్తము గడ్డకట్టు శక్తిని క్షీణింపజేయును. చూచుటకు హుషారుగా నున్న కుక్క కూడ బల్లపై రక్తము కారి వైద్యుని కంగారు పెట్టును. పిడుదులను ముందు వదలించి, చిగుళ్ళు పాలిపోయి యున్నవా, ముక్కున నెత్తురు కారినదా అన్న సంగతులను దాచక వైద్యునికి చెప్పవలెను. రక్తపరీక్ష లేని చోట యజమాని నోటి మాటయే రక్తపరీక్ష.

ఇక ఉపవాసము. మందు మత్తులో నున్న జీవి వాంతి చేసుకొన్న యెడల అది శ్వాసనాళములో పడి ప్రాణాపాయము కలుగును. అందుచేత ఎదిగిన కుక్కకు ముందటి రాత్రి పెందలకడ పెట్టిన తిండియే కడపటిది కావలెను. నీరు మాత్రము తెల్లవారువరకు ఉంచవచ్చును. పసికూనలను అంతసేపు మాడ్చరాదు, ఎంతసేపో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఈ చిన్న నియమమును పాటించుట మన యిండ్లలో ఎంత కష్టమో నేను ఒక వైద్యశాల వరండాలో కన్నులార చూచితిని. పసుపుపచ్చని కుక్కను చీరకొంగుతో మెడకు కట్టి తెచ్చిన ఒక అవ్వను డాక్టరు, "ఏమన్న పెట్టినవా అవ్వా?" అని అడిగెను. "పొద్దుగాల లేసి నా మొఖమే జూసె సారూ. బుక్కెడు బువ్వ పెట్టకుంట ఎట్ల తోలుకరావాలె? పాణం ఒప్పలే" అని ఆమె బదులు పలికినది. ఆయన కోపింపలేదు. "మంచిది, ఇయ్యాల వద్దు. ఎల్లుండి పరగడుపున తోలుకరా" అని వెనుకకు పంపెను. వరుసలో ఇంకను ఎందరో వేచియున్న ఆ ఉదయమున అట్లు పంపుటకును ధైర్యము కావలెను. ఆ అవ్వ అబద్ధమాడి యుండిన యెడల ఏమై యుండునో తలచుకొన్న నా గుండె ఝల్లుమన్నది. ఆమె నిజము పలికి కుక్క ప్రాణము కాపాడినది.

ఆడకుక్కకు అండకోశములను గర్భకోశమును కలిపి తీసివేయుదురు. కోత పొట్ట నడుమనో ప్రక్కననో చిన్నదిగా నుండును గాని, పైకి కనపడు చర్మపు కుట్టు కంటె లోపలి కండర పొరకు వేసిన కుట్టు ముఖ్యమైనది. కడుపులోని ప్రేగులను ఆపి పట్టునది అదియే. ఎత్తు నుండి దుముకరాదు, ఇతర కుక్కలతో పెనగులాడరాదు అని చెప్పుటకు కారణమిదే. మగకుక్కకు ఇంత లోతు పని లేదు గాని, విత్తులు తీసిన తరువాత కూడ కొన్ని వారములు దానియందు బీజశక్తి మిగిలి యుండునని మరువరాదు.

ఆటోలో ఇంటికి తెచ్చునప్పుడు తల దేహము కంటె కొంచెము వాలునట్లు, మెడ నలుగకుండ పండుకొన బెట్టవలెను. మా యింటి ఆడకుక్కను తెచ్చిన నాటి సాయంత్రము దాని కన్నులు తెరచియే యున్నవి, రెప్ప వాలలేదు. దుమ్ము పడునని తడిగుడ్డతో మెల్లగా మూసి తుడుచుచు కూర్చుంటిమి. మత్తులో దేహపు వేడి తగ్గును గావున ఎండాకాలములో సైతము బండపై పండుకొన బెట్టరాదు. మన కురుమల గొంగడి నాలుగు మడతలు వేసి, దాని ఉన్ని గాయమునకు అంటకుండ పైన ఉతికిన పాత చీర పరచిన యెడల అంతకు మించిన పడక లేదు. తెలివి వచ్చి నిలుకడగా నిలబడిన పిదప గుక్కెడు నీరు, అది ఇమిడిన తరువాత పలుచని జొన్న అంబలి గాని మెత్తని బువ్వ గాని కొద్దిగా పెట్టవలెను. ఉల్లిపాయ వేసిన కూర పెట్టరాదు. ప్రేమకొద్ది కోడి యెముకలు వేయుటయు ఆనాడు వలదు.

రెండవనాటి నుండి అసలు పరీక్ష మొదలగును. గాయమును నాకుట కుక్క స్వభావము. నాలుక మందని మన పెద్దల నమ్మకము. కాని ఆ నాలుక గరుకునకు దారము తెగును, నోటిలోని సూక్ష్మజీవులు కోతలో చేరును. మెడకు తొడుగు ఈ-కాలర్ కొనగలిగిన కొనవలెను, లేనిచో చిన్న ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి అంచులకు గుడ్డ చుట్టి తొడిగినను సరిపోవును. కొందరు పాత బనియను ముందుకాళ్ళకు దూర్చి నడుము మీద ముడివేయుదురు. అది ఈగల నుండియు కాపాడును. ఈ ఈగల భయము మన సీమలో చిన్నది కాదు. తడి గాయముపై ఈగ వాలి గ్రుడ్లు పెట్టిన యెడల పురుగు పడును, ఆ పిదప జనులు కిరోసినో ఫినాయిలో పోసి ఆ జీవిని మరింత హింసింతురు. పొడిగా ఉంచుటయే మొదటి మందు. రెండు వారములు స్నానము లేదు, చెరువు లేదు. వంటింటి పసుపును నూనెలో కలిపి కుట్లపై మెత్తుట సదుద్దేశముతోనే చేయుదురు గాని, ఆ పూత క్రింద గాయము ఎఱ్ఱబడినదో చీము పట్టినదో కనిపింపదు. మనుషుల నొప్పిమాత్రలు అసలే వలదు; పారాసిటమాలు పిల్లికి విషము, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు రేపును.

పిల్లికి ప్రత్యేకముగా నొక మాట. దానిని చేతులలో పట్టుకొని బస్సెక్కుట అసాధ్యము. దానికి మన కోళ్ళగంప చక్కని సాధనము. పోవునప్పుడు క్రింద గుడ్డ బిగించి తీసికొని పోవచ్చును, వచ్చిన తరువాత దాని క్రిందనే ఉంచిన అటకపైకి దుముకదు.

చిగుళ్ళు తెల్లబారుట, కడుపు ఉబ్బుట, మరునాటికి కూడ లేచి నిలువలేకపోవుట, మాటిమాటికి వాంతి, కోత వద్ద వేడి వాపు లేక చీము, ఇవి కనపడిన తక్షణము డాక్టరును కలియవలెను. ఏమియు లేనిచో పది నుండి పదునాలుగు దినములలో కుట్లు విప్పించుకొనవచ్చును.

కోడెకు విత్తులు కొట్టించిన రైతు దానిని మరునాడే కాడికి కట్టడు. నీడపట్టున కట్టివేసి, వాపు తగ్గువరకు కనిపెట్టి యుండును. ఆ వివేకము మన యింట తరతరములుగా కలదు, కుక్కకు దానిని వర్తింపజేయుటయే కొరత. "ఆపరేషను చేసిన కుక్క కాపలా కాయదు" అని గొఱ్ఱెలవారు నాతో అనిరి. ఇల్లు, మంద తనవను మమకారము విత్తులలో లేదు. అది అలవాటు చేత, బువ్వ చేత కలుగును. తగ్గునది ఎద వెంట ఊళ్ళు తిరుగుట, దానితో పాటు కొట్లాటలు, సంపర్కము వలన వ్యాపించు నెత్తురు కారు గడ్డలు. "పిల్లలు కాకుంట జేస్తే పాపం తాకదా?" అని అడిగినవారును కలరు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను, అది కరుణ నుండి పుట్టిన ప్రశ్న. కాని ఎద గడచిన నెలకో రెండు నెలలకో గర్భకోశము చీముపట్టి, కుండెడు నీళ్ళు త్రాగుచు మూలుగు ముసలి కుక్కను చూచినవారికిని, పుష్యమాసపు తెల్లవారుజామున మంచులో బిగిసిన కూనలను ఎత్తిపోసినవారికిని ఆ పాపపుణ్యముల లెక్క వేరుగా తోచును.

చివరకు పాలమూరు పరిస్థితి యొకటి చెప్పక తప్పదు. గుంపు మేస్త్రీ వెంట వలసపోవు కుటుంబములలో ఇంట మిగులునది ముసలివారును, కుక్కయును. బకెట్టు తొడిగిన కుక్కను రెండు వారములు ఆపి యుంచు బలము ఆ చేతులలో ఉండదు, మాత్రను బువ్వలో దాచి పెట్టు ఓపిక మాత్రము నిండుగా ఉండును. ప్రయాణము నిశ్చయమైన వారమున ఆపరేషను పెట్టుకొనరాదు. అంతకంటె ముఖ్యముగా, ప్రతి మండల పశువైద్యశాల ఆవరణలో సిమెంటు గచ్చు, ఈగలు దూరని జాలితలుపు గల రెండు గదులు కట్టించి, కుట్లు విప్పువరకు ఇట్టివారి కుక్కలను అచట ఉంచుకొనవలెనని పంచాయతీలను, పశుసంవర్ధక శాఖను అడుగుచున్నాను. మందులు కొని తెచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము. రాత్రివేళ తాళము తీసి నీళ్ళు పెట్టు మనిషిని ఒకనిని వారు నియమింపవలెను.